ఆగిన చదువుకు రెండేళ్ళు: దుర్గాబాయి దేశ్‌ముఖ్

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాగానే మన ఇళ్ళలో మొదటి ప్రశ్న, కొత్త స్కూల్లో సిలబస్ ఎంతవరకు అయిందని. ఏడాది మధ్యలో బడి మారినవాళ్ళం కనుక చదువు తెగిపోవడం మనకు కొంత తెలుసు. దుర్గాబాయి గారికి ఇంకా బాగా తెలుసు.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ కాపురానికి వెళ్ళనన్నారు, ఇంట్లోవాళ్ళు అండగా నిలిచారు. ఇంగ్లీషులో చదవనని బడి కూడా మానేశారు. 1923లో కాకినాడలో టికెట్టు లేదని నెహ్రూ గారినే గుమ్మం దగ్గర ఆపిన కథ మీరు వినే ఉంటారు, వదిలేద్దాం.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళొచ్చాక, ఇరవై దాటిన వయసులో మళ్ళీ పుస్తకం పట్టారు. బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., తర్వాత 1942లో మద్రాసులో లా. ఆపైన రాజ్యాంగ సభ, ప్లానింగ్ కమిషన్.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో బాలవాడీలు, ప్రసూతి సేవ, చేతిపనులు మొదలుపెట్టాలి. పథకం సిద్ధంగా ఉంది, నడిపే మనుషులే దొరకలేదు. గ్రామసేవిక కావాలన్నా నర్సు కావాలన్నా చదువు ఉండాలి. పల్లెటూరి ఆడవాళ్ళలో బడికి వెళ్ళినవాళ్ళే తక్కువ, వాళ్ళలోనూ చాలామంది పెళ్ళితో నాలుగైదు తరగతుల దగ్గరే ఆగిపోయారు.

అందుకే 1958లో బోర్డు ఒక సంక్షిప్త కోర్సు ప్రారంభించింది. చదువు ఆగిన పెద్దవాళ్ళు, వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు రెండేళ్ళు చదివి మెట్రిక్ పరీక్షకు కూర్చోవచ్చు. మద్రాసులో తాను స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో ఆమె అంతకుముందే చేసి చూసిన పనే ఇది. తాను నడిచిన దారినే ప్రభుత్వ పథకంగా మార్చారని మాకనిపిస్తుంది. పాసైనవాళ్ళు టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు అయ్యారు.

అన్నీ పిల్లల్నీ రోగుల్నీ చూసుకునే ఉద్యోగాలేనా అని మాలో కొందరం గొణుక్కుంటాం. నిజమే. కానీ పుట్టింట్లో ఒక మూల కూర్చోబెట్టిన మనిషికి మొదటి తారీఖున చేతికి జీతం వస్తే ఆ ఇంట్లో ఆమె మాటకు విలువ మారుతుంది. బదిలీల వల్ల ఉద్యోగం వదులుకున్న అమ్మలు మన క్వార్టర్సులోనే ఉన్నారు, అడిగి చూడండి.

ఆమె 1981 మే 9న కన్నుమూశారు. ఢిల్లీ పోస్టింగ్ వస్తే మెట్రో పింక్ లైన్ ఎక్కండి. సౌత్ క్యాంపస్ స్టేషనుకు ఆమె పేరే పెట్టారు.