డాక్టరు పాపనికొలావు: సూక్ష్మదర్శిని ముందు గడచిన జీవితం

వ్యాధి ముదిరిన తరువాత వైద్యుని వెదకికొనడం లోకరీతి. నొప్పి లేని మనిషి ఆసుపత్రి గడప తొక్కడు. రాచపుండని మన పెద్దలు పేరు పెట్టిన కాన్సరుకు ఈ లోకరీతియే బలమైనది. అది మొలకెత్తినప్పుడు నొప్పి ఉండదు. నొప్పి కలిగే నాటికి తరచుగా చికిత్సకు సులువుగా లొంగే దశ దాటిపోయి ఉంటుంది. ఏ బాధా లేక తిరుగుతున్న స్త్రీలో సైతం గర్భాశయ ముఖద్వారపు కాన్సరు జాడను ముందుగా పట్టుకొనవచ్చునని లోకానికి నిరూపించిన శాస్త్రజ్ఞుడు జార్జి పాపనికొలావు. నేడు ప్రపంచమంతటా పాప్ పరీక్ష అని వ్యవహరింపబడుతున్నది ఆయన పేరులోని మొదటి అక్షరాలే. ఆ పరీక్ష కనిపెట్టడానికి పట్టిన కాలం కొద్ది. దానిని లోకం అంగీకరించడానికి, అంగీకరించిన పిదప ఇంటింటికి చేర్చడానికి పట్టిన కాలం మాత్రం చాల దీర్ఘమైనది.

గ్రీసు దేశానికి చెందిన యూబియా ద్వీపంలో, కీమీ అనే చిన్న పట్టణంలో, 1883 మే 13వ తేదీన పాపనికొలావు జన్మించినాడు. తండ్రి వైద్యుడు; ఆ పట్టణానికి నగరాధ్యక్షుడుగా కూడ పనిచేసినవాడు. కుమారుడు ఏథెన్సు విశ్వవిద్యాలయంలో చదివి, 1904లో, ఇరువదియొకటవ ఏట వైద్యపట్టం పుచ్చుకొన్నాడు. సైన్యంలో కొంతకాలం పనిచేసి ఇంటికి తిరిగివచ్చినాడు. తండ్రివలె ఊరిలో రోగులను చూచుకొంటూ స్థిరపడి ఉంటే ఆయన జీవితం సుఖంగానే సాగిపోయేది. కాని మనసు అందులో నిలువలేదు. ప్రాణం ఎట్లా పుడుతున్నది, ఆడమగ భేదం ఎట్లా ఏర్పడుతున్నది అనే ప్రశ్నలు ఆయనను జర్మనీకి నడిపించినవి. యేనాలో హేకెల్ వద్ద, ఫ్రైబర్గులో వైస్‌మాన్ వద్ద, మ్యూనిక్కులో రిచర్డ్ హెర్ట్‌విగ్ వద్ద శిష్యరికం చేసి, డాఫ్నియా అనే సూక్ష్మ జలచరంలో లింగనిర్ణయాన్ని గురించి పరిశోధించి 1910లో డాక్టరేటు పొందినాడు.

ఆ సంవత్సరమే ఆండ్రొమాకీ మావ్రొయెనీతో ఆయనకు వివాహమైనది. అమెరికాలో మేరీ అని పిలువబడిన ఆ సాధ్వి పేరు లేనిదే ఆయన చరిత్ర పూర్తి కాదు. 1911లో మొనాకోలోని సముద్రశాస్త్ర సంస్థలో పాపనికొలావు కొంతకాలం పనిచేసినాడు. పిమ్మట బాల్కన్ యుద్ధాలు రాగా సైన్యంలో వైద్యుడుగా చేరినాడు. యుద్ధం ముగియగానే, 1913 అక్టోబరులో, దంపతులు న్యూయార్కు రేవులో దిగినారు. చేతిలో ఉన్నది కొద్దిపాటి సొమ్ము. ఇంగ్లీషు భాషలో పరిచయం అంతంతమాత్రం. రెండు పట్టాలు గల ఆ పండితుడు ఒక పెద్ద దుకాణంలో తివాచీలు అమ్మవలసి వచ్చినది. భార్య అక్కడే బట్టలకు బొత్తాములు కుట్టినది. ఆయన భోజనశాలలలో వయొలిన్ వాయించినాడు. ఒక గ్రీకు పత్రికా కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసినాడు. మరుసటి సంవత్సరమే కార్నెల్ వైద్య కళాశాలలో, చార్లెస్ స్టాకర్డ్ అనే ఆచార్యుని క్రింద, శరీరశాస్త్ర శాఖలో చోటు దొరికినది. 1961 వరకు ఆయన ఆ కళాశాలను విడువలేదు. మేరీ కూడ ఆ ప్రయోగశాలలోనే సహాయకురాలుగా చేరినది.

అక్కడ ఆయనకు అప్పగింపబడినవి గినీపందులు. వాటి అండాలను సరిగా పక్వమయ్యే సమయంలో సేకరించవలసి ఉన్నది. ఆ సమయం తెలియక ఎన్నో జంతువులను చంపవలసి వచ్చేది. క్షీరదాలలో ఆడజాతి అంతటికీ ఏదో ఒక ఋతుచిహ్నం ఉండి తీరవలెనని ఆయన ఊహించినాడు. మనుషుల ముక్కును పరీక్షించడానికి వాడే చిన్న పరికరంతో గినీపంది యోని నుండి ద్రవాన్ని తీసి, గాజుపలకపై పూసి, సూక్ష్మదర్శిని క్రింద ఉంచినాడు. కంటికి ఏమీ కనిపించని చోట కణాలు దినదినానికి రూపు మార్చుకొంటున్నవి. వాటిని చూచి అండం విడుదలయ్యే వేళను చెప్పవచ్చును. 1917లో స్టాకర్డుతో కలిసి ఆయన ఈ విషయాన్ని ప్రకటించినాడు. ఎడ్గార్ ఆలెన్, ఎడ్వర్డ్ డాయిజీ 1923లో స్త్రీహార్మోనును గుర్తించడానికి ఈ పద్ధతియే తోడ్పడినది.

జంతువు నుండి మనిషికి రావడం తరువాతి మెట్టు. అప్పుడు ముందుకు వచ్చినది మేరీయే. ఎన్నో ఏండ్లపాటు ఆమె తన శరీరాన్నే భర్త పరిశోధనకు అప్పగించినది. ఆరోగ్యవతి అయిన స్త్రీ కణాలు నెల పొడుగునా ఎట్లా మారుతవో ఆమె వలననే ఆయనకు తెలిసినది. శాస్త్రచరిత్రలో ఇటువంటి సహకారానికి పేరు రావడం అరుదు. పరీక్షకు భర్త పేరు నిలిచినది. ఆ పరీక్షకు మొదటి ప్రమాణం మాత్రం భార్యయే.

1925 నుండి న్యూయార్కులోని స్త్రీల ఆసుపత్రిలో ఆయన క్రమబద్ధంగా పరిశీలన సాగించినాడు. ఆ పలకలలో కొన్నింటిలో వింత కణాలు కనిపించినవి. వాటి కేంద్రకాలు పెద్దవి, ముదురు రంగు గలవి, ఆకారం తప్పినవి. ఆ స్త్రీలకు కాన్సరు ఉన్నది. శరీరపు ఉపరితలం నుండి కణాలు ఎల్లప్పుడు రాలుతూ ఉంటవి. కాన్సరు కణాలు ఒకదానినొకటి గట్టిగా అంటుకొని ఉండవు కనుక మరింత సులువుగా రాలుతవి. కత్తి తాకించకుండ, రాలిన కణాలను ఏరి చూచి లోపలి వ్యాధిని చెప్పవచ్చునన్నమాట.

1928 జనవరిలో, మిచిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్ పట్టణంలో, వంశోన్నతి పేర జరిగిన ఒక సభలో ఆయన ఈ విషయాన్ని చదివినాడు. ఆ సభ ఈ విషయానికి తగిన వేదిక కాదు. వ్యాధినిర్ణయ శాస్త్రజ్ఞులు చాలమంది పెదవి విరిచినారు. కండముక్కను కోసి పరీక్షించే మార్గం ఉండగా విడివిడి కణాలను నమ్ముకొనడం ఎందుకని వారి వాదం. వారు గమనింపనిది ఒకటి ఉన్నది. కండ కోయవలెనన్న పుండు ఎక్కడున్నదో ముందుగా తెలియవలె, తెలిసేసరికే ఆలస్యమవుతున్నది. ఆ కాలముననే రుమేనియా దేశంలో ఆరెల్ బాబెష్ అనే వైద్యుడు వేరొక పద్ధతిలో ఇదే సత్యాన్ని కనుగొని 1928లో ప్రకటించినాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆయన మాట కూడ లోకం చెవిని పడలేదు.

పాపనికొలావు వాదానికి దిగలేదు, ఉద్యోగం మానలేదు. సుమారు పది సంవత్సరాలు ఇతర పరిశోధనలలో గడిపినాడు. 1939లో శాఖకు క్రొత్త అధ్యక్షుడుగా వచ్చిన జోసెఫ్ హిన్సీ ప్రోత్సహించగా పాత పని మరల చేపట్టినాడు. ఈ పర్యాయం స్త్రీవ్యాధి నిపుణుడైన హెర్బర్ట్ ట్రాట్ తోడైనాడు. ఆసుపత్రిలో చేరిన స్త్రీలందరి నుండి పలకలు సేకరించినారు. వారి వ్యాసం 1941లో, గ్రంథం 1943లో వెలువడినవి. ఆ గ్రంథానికి హషీమే మురయామా అనే జపాను చిత్రకారుడు కణాల రూపాలను వర్ణచిత్రాలుగా రచించి ఇచ్చినాడు. నడుమ 1942లో, కేంద్రకం స్పష్టంగా తేలిపోయేటట్లు కణాలకు అద్దే రంగుల పద్ధతిని కూడ పాపనికొలావు ప్రకటించినాడు. మూడువేలకు పైగా స్త్రీలను పరిశీలించి వ్రాసిన ఆ పుస్తకం ముందు సంశయవాదులు తగ్గక తప్పలేదు. మొదటి వ్యాసానికీ ఈ గ్రంథానికీ మధ్య 15 ఏండ్లు గడచినవి.

ఇక్కడి నుండి కథ ప్రయోగశాల దాటి ప్రభుత్వాల చేతిలోనికి పోయినది. అమెరికా కాన్సరు సంఘం ఈ పరీక్షను ప్రచారంలోనికి తెచ్చినది. పలకలు చదువగల సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ఆరంభమైనది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 1949లోనే ఈ పరీక్షను ప్రజలకు అందించే ఏర్పాటు మొదలుపెట్టినది. పాపనికొలావు 1950లో లాస్కర్ బహుమానం అందుకొన్నాడు. 1954లో రాలిన కణాలను గురించిన బృహత్ చిత్రగ్రంథం వెలువరించినాడు. నోబెల్ బహుమతి మాత్రం ఆయనకు రాలేదు. 1961 చివర మయామీ నగరంలో ఒక కాన్సరు సంస్థకు అధిపతిగా వెళ్ళినాడు. ఎన్నో ఆశలతో పోయిన ఆ వృద్ధుడు మూడు నెలలైనా గడవక ముందే, 1962 ఫిబ్రవరి 19న, గుండెపోటుతో మరణించినాడు.

ఆయన పరీక్ష నిజంగా ప్రాణాలు కాపాడుతున్నదా అనే ప్రశ్నకు సమాధానం ఉత్తర ఐరోపాలో దొరికినది. అక్కడి దేశాలు ఇంచుమించు ఒకే సంపద, ఒకే విద్య గలవి. 1965, 1982 సంవత్సరాల నడుమ ఈ కాన్సరు మరణాలు ఐస్‌లాండులో నూటికి 80 వంతులు, ఫిన్లాండులో 50 వంతులు తగ్గగా, నార్వేలో 10 వంతులు మాత్రమే తగ్గినవని 1987లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. పరీక్ష ఒక్కటే, పద్ధతి వేరు. మొదటి రెండు దేశాలలో ప్రతి స్త్రీ పేరు పట్టికలో వ్రాసి, గడువు ప్రకారం పిలుపు పంపేవారు. నార్వేలో ఆనాడు అటువంటి ఏర్పాటు జనాభాలో నూటికి 5 వంతులకే అందినది. బ్రిటనులో పరీక్షలు 1964లో మొదలైనా, 1988లో పేరుపేరున పిలిచే విధానం వచ్చిన పిదపనే ఫలితం తేటపడినది. అడిగినవారికి మాత్రమే పరీక్ష చేస్తే అడగడం తెలిసినవారే వస్తారు. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు ఇంటిలోనే ఉండిపోతారు.

మనదేశానికి ఈ పాఠం దగ్గరిది. గ్రామ గ్రామాన పలకలు చదివే నిపుణులు మనకు లేరు. అందుచేత ఇక్కడి వైద్యులు వేరు త్రోవలు వెదకినారు. ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది, తెల్లబడిన మచ్చను కంటితో చూచే పద్ధతి ఒకటి. ఈ కాన్సరుకు మూలమైన పాపిలోమా వైరసును పరీక్షించడం మరొకటి. ఆ వైరసుకూ ఈ వ్యాధికీ గల సంబంధం చూపిన హరాల్డ్ సుర్ హౌసెన్ 2008లో నోబెల్ బహుమతి పొందినాడు. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లా గ్రామాలలో ఒక్కసారి వైరసు పరీక్ష జరిపినందుననే మరణాలు సగానికి సగం తగ్గినట్లు 2009లో తేలినది. 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు అయిదేండ్లకొకసారి పరీక్ష జరపవలెనని భారత ప్రభుత్వం 2016లో మార్గసూత్రాలు వెలువరించినది. అయినను 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఎన్నడైనా ఈ పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనా లేరు. 2022 అంచనాల ప్రకారం ఈ వ్యాధితో మనదేశంలో ఆ ఏడు సుమారు 80,000 మంది స్త్రీలు మరణించినారు.

పాపనికొలావు పరీక్ష క్రమంగా వైరసు పరీక్షకు చోటు ఇస్తున్నది. బాలికలకు టీకా కూడ వచ్చినది. పనిముట్లు మారినా ఆయన చూపిన సూత్రం మారలేదు. వైరసు సోకినది మొదలు కాన్సరుగా మారడానికి సాధారణంగా 15, 20 ఏండ్లు పడుతుంది. అంత సావకాశం ఇచ్చే ప్రాణాంతక వ్యాధులు తక్కువ. ఆ సావకాశాన్ని వాడుకొనడమా, వ్యర్థం చేయడమా అనేది సూక్ష్మదర్శిని తేల్చదు. పిలుపు పంపే ఆరోగ్య కేంద్రమూ, ఆ పిలుపు అందుకొని వెళ్ళే స్త్రీయూ తేల్చవలె. ఆ వయసు స్త్రీలు మన ఇండ్లలో తల్లులుగా, మన పాఠశాలలలో ఉపాధ్యాయినులుగా ఉన్నారు. ఈ చరిత్ర చదివిన విద్యార్థి ఇంటికి పోయి తన తల్లికి ఆ పరీక్ష సంగతి చెప్పగలిగితే, పాపనికొలావు దంపతుల శ్రమ ఆ ఇంటికి చేరినట్లే.