పిల్లల పథరీకి వెయ్యేళ్ల క్రితమే ఆపరేషన్ పద్ధతి రాసిన అల్ జహ్రావీ

మన ఇళ్లలో పథరీ అంటే పెద్దవాళ్ల జబ్బు అనుకుంటాం. కానీ పాత రోజుల్లో చిన్న పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు మూత్రాశయంలో రాయి రావడం చాలా మామూలు. పాలు, మాంసం లాంటివి తక్కువై, ఎక్కువగా ధాన్యం మీదే బతికే ఇళ్ల పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపించేది. ఆ రాయిని ఎలా తీయాలో వివరంగా రాసిపెట్టిన గొప్ప హకీముల్లో ఒకరు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ.

ఆయన సుమారు 936లో స్పెయిన్‌లో పుట్టారు. అప్పుడు ఆ దేశాన్ని అందలుస్ అనేవాళ్లు, ముస్లింల పాలన నడిచేది. రాజధాని ఖుర్తుబా పక్కనే ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్ కట్టించిన మదీనతుజ్ జహ్రా ఆయన ఊరు. జహ్రావీ అనే పేరు అలా వచ్చిందే. ఆయన వంశం మదీనాలోని అన్సార్లది అని చెబుతారు.

వైద్యం చేస్తూ, చేతికొచ్చిన అనుభవమంతా కలిపి అత్తస్రీఫ్ అనే గ్రంథం రాశారు. దాంట్లో 30 భాగాలు. చివరి భాగం మొత్తం ఆపరేషన్ల గురించే. సుమారు 200 పనిముట్ల బొమ్మలు కూడా ఇచ్చారు.

పిల్లల విషయంలో ఆయన చెప్పిన పద్ధతి ఇది. ముందు ఎనిమాతో పేగు ఖాళీ చేయాలి. రాయి మూత్రాశయం మెడ దగ్గరికి దిగేలా పిల్లాడిని కుదపాలి. తర్వాత నూనె రాసిన వేలిని మలద్వారంలోంచి పెట్టి, రాయిని వెతికి కిందికి నెట్టాలి. అప్పుడు సరిగ్గా రాయి మీదే, మధ్యలో కాకుండా ఎడమ పక్కకు ఏటవాలుగా కోయాలి. రాయి పెద్దదైతే లాగకూడదు, పట్టకారుతో ముక్కలు చేసి తీయాలి. మూత్రనాళంలో ఇరుక్కున్న చిన్న రాయికైతే కోత కూడా వద్దన్నారు. సన్నటి ఉక్కు బర్మాను లోపలికి పంపి, మెల్లగా తిప్పి రాయిని పొడి చేయాలి. ఆ పొడి మూత్రంతో పోతుంది.

ఇదంతా ఇప్పటి మత్తు ఇంజెక్షన్ లేని కాలం మాట. అందుకే ఎవరికి చేయాలి, ఎవరికి చేయకూడదు అన్నదే ఆయనకు పెద్ద ప్రశ్న. 14 ఏళ్ల లోపు అబ్బాయిలకు ఈ ఆపరేషన్ సులువు, ముసలివాళ్లకు చాలా కష్టం అని రాశారు.

దీనికి తాను చూసిన సంగతే చెప్పారు. ఒక వృద్ధుడికి పెద్ద రాయి ఉంటే ముందు ఆయన్నే పిలిచారు. రాయి సైజు, మనిషి పరిస్థితి చూసి, ఇతను బతకడని ఆయనకు అర్థమైంది. ఇంకో వైద్యుడు మాత్రం ధైర్యం చేశాడు. రాయితో పాటు మూత్రాశయం ముక్క కూడా తెగి వచ్చేసింది. దాదాపు మూడు రోజుల్లో ఆ వృద్ధుడు చనిపోయాడు. శరీరం లోపలి నిర్మాణం చదవని వాడు కత్తి పట్టకూడదని అల్ జహ్రావీ అంత గట్టిగా చెప్పింది ఇలాంటివి చూసే.

1010లో అంతర్యుద్ధంలో మదీనతుజ్ జహ్రాను దోచుకుని పాడుచేశారు. ఆయన 1013 ప్రాంతంలో కన్నుమూశారు. ఊరు శిథిలమైనా పుస్తకం మిగిలింది. 12వ శతాబ్దంలో తులైతులా నగరంలో, అంటే ఇప్పటి టొలెడోలో, క్రెమోనాకు చెందిన జెరార్డ్ దాన్ని లాటిన్‌లోకి మార్చారు. యూరప్ వైద్యులు ఆయన్ని అల్బుకాసిస్ అని పిలుస్తూ వందల ఏళ్లు అదే చదువుకున్నారు.

ఇప్పుడు చాలామంది పిల్లలకు కోత అవసరమే రావడం లేదు. బయటి నుంచి షాక్ తరంగాలతోనో, సన్నటి గొట్టం ద్వారా లేజర్‌తోనో రాయిని పగలగొడుతున్నారు. కాబట్టి పిల్లాడు మూత్రానికి వెళ్తూ ఏడుస్తున్నా, ధార మధ్యలో ఆగిపోతున్నా, రక్తం కనిపించినా ఇంటి చిట్కాలతో రోజులు గడపొద్దు. డాక్టరుకు చూపించండి. జ్వరం కూడా ఉన్నా, మూత్రం అసలే రాకపోయినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఎవరి దగ్గరికి పడితే వాళ్ల దగ్గరికి కాదు, ఆ పని చదివి నేర్చుకున్న వాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.