సెలవుల పుస్తకం వెనక ఒక పంతులుగారు

వేసవి సెలవులిచ్చే రోజున మా బడి బీరువాలోంచి పిల్లలకు తలా ఒక పుస్తకం ఇస్తాం. పోయినేడాది ఏడో తరగతి పిల్ల ఒకతె మర్నాడే మా ఇంటికొచ్చి పుస్తకం తిరిగిచ్చేసింది. అక్షరాలన్నీ వచ్చుగానీ మాటలు తెలియడం లేదంది. తిప్పి చూస్తే పాత గ్రాంథికంలో రాసిన నీతికథలు. తప్పు నాదే, అట్ట మీద బొమ్మ చూసి ఇచ్చేశాను. అప్పుడు గుర్తొచ్చారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. మేనమామ ఇంట్లో ఉండి విశాఖపట్నంలో చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఆ ఊరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. ఉద్యోగం చేస్తూనే, ప్రైవేటుగా చదివి బి.ఏ. పూర్తిచేశారు. చరిత్ర పాఠం చెప్పాలి కాబట్టి దగ్గర్లోని ముఖలింగం గుళ్లకు వెళ్లి, అక్కడి శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. చదువంటే ఆయనకు అంత ఇష్టం.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలుంటారు. వాళ్ల పిల్లలు చదవడానికి వాళ్ల భాషలో పుస్తకమే లేదు. పంతులుగారు ఆ భాష తెలిసిన సవర మనిషిని ఇంట్లోనే ఉంచుకుని, ఏళ్ల తరబడి దాన్ని నేర్చుకున్నారు. పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు. ప్రభుత్వం మెచ్చి డబ్బివ్వబోతే, దాంతో సవరలకు బడి పెట్టమన్నారు. ఇదంతా ఆయనకు ఊరికే రాలేదు. కొండల్లో తిరిగినందుకు మన్యం జ్వరం పట్టుకుంది, దానికి వాడిన క్వినైనుతో వినికిడి దెబ్బతింది. మాటల ధ్వని కోసం అంత కష్టపడ్డ మనిషికి చెవులు పోవడం! తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

తెలుగు సంగతి ఆ తర్వాత వచ్చింది. పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ దొరకు ఒక అనుమానం కలిగింది: జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడి పుస్తకాల్లోది ఇంకొకటి, ఎందుకని? దానికి జవాబు వెతుకుతూ గిడుగు, గురజాడ వంటివారు వాడుక భాష కోసం నిలబడ్డారు. పండితులు ఒప్పుకోలేదు. గిడుగు వాళ్లతో పుస్తకాలు పట్టుకునే పోట్లాడారు. గ్రాంథికం రాస్తున్నామనుకునే వాళ్ల రచనల్లోనే వాళ్ల వ్యాకరణానికి ఒప్పని మాటలెన్ని ఉన్నాయో ఏరి చూపించారు. 1919లో రాజమండ్రిలో వాడుక భాష కోసం సమాజం పెట్టినప్పుడు, దానికి అధ్యక్షుడు కందుకూరి వీరేశలింగం. కార్యదర్శి గిడుగు. అదే ఏడు 'తెలుగు' అనే మాసపత్రిక కూడా నడిపారు.

1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది. దాన్ని ఆంధ్రలోనే ఉంచాలని ఆయన పట్టుబట్టారుగానీ ఫలితం లేకపోయింది. యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

ఆ పిల్లకు వాడుక తెలుగులో ఉన్న కథల పుస్తకం వెతికి ఇచ్చాను. బడి తెరిచాక అడిగితే, నాయనమ్మ చదువుతోంది, ఇంకో వారం ఆగమంది.