గెలిచిన నేలను తిరిగి ఇచ్చిన రాయలు

శ్రీకృష్ణదేవరాయలు అనగానే మనకు అష్టదిగ్గజాలు, భువనవిజయం గుర్తుకు వస్తాయి. మన పిల్లలకు కూడా ఆ కథలే ఎక్కువగా చెబుతాము. ఆయన రాజనీతి కూడా వారు తెలుసుకోదగినదే.

1509లో రాయలు విజయనగర సింహాసనం ఎక్కేనాటికి ఉత్తరాన బిజాపూరు మొదలైన సుల్తానులు, తూర్పున ఒరిస్సా గజపతులు బలంగా ఉన్నారు. ఉదయగిరి, కొండవీడు వంటి తెలుగు దుర్గాలు గజపతుల చేతిలో ఉండేవి. ఇద్దరితో ఒకేసారి పోరు పెట్టుకోవడం క్షేమం కాదు.

రాయలు తూర్పు దండయాత్రకు బయలుదేరారు. ఉదయగిరిని ముట్టడించి, ఏడాదికి పైగా ఓపిక పట్టి, 1514లో గెలుచుకున్నారు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాజధానికి తెచ్చి ఆలయం కట్టించారు. 1515లో కొండవీడు లొంగింది. గజపతి కుమారుడు వీరభద్రుడు బందీ అయ్యాడు. తరువాత కొండపల్లి పడింది. సేనలు సింహాచలం దాటి వెళ్ళాయి.

చివరకు ప్రతాపరుద్ర గజపతి సంధికి ఒప్పుకుని, తన కుమార్తెను రాయలకు ఇచ్చి వివాహం చేశాడు. రాయలు కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన నేలను గజపతికి తిరిగి ఇచ్చివేశారు. అంత రక్తం చిందించి గెలిచినది ఎందుకు ఇచ్చారు? దూరదేశాన్ని అదుపులో ఉంచాలంటే సేనలో పెద్ద భాగం అక్కడే నిలిచిపోతుంది. అవమానం పాలైన రాజు పగ తీర్చుకునే సమయం కోసం చూస్తాడు. నది హద్దు అయింది, పగవాడు మామ అయ్యాడు.

ఆ కాలంలో యుద్ధానికి గుర్రాలే ప్రాణం. మేలుజాతి గుర్రాలు అరబ్బు దేశాల నుండి ఓడలలో వచ్చేవి. 1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసువారితో రాయలు స్నేహంగా ఉన్నారు. విదేశీ వర్తకులను ఆదరించి, గుర్రాలు, ఏనుగులు శత్రువుల చేతికి పోకుండా చూడాలని తమ ఆముక్తమాల్యదలోనే చెప్పారు.

తూర్పున శాంతి కుదిరాక, 1520లో రాయచూరు వద్ద బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించారు. అయితే అక్కడ గజపతి పట్ల చూపిన నిగ్రహం కనబడదు. సుల్తాను వచ్చి తన పాదం ముద్దు పెట్టుకోవాలని రాయలు కోరినట్లు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాశాడు. ఆ వైపు శాంతి కుదరలేదు.

రాయలు 1529లో కన్నుమూశారు. తరువాత అళియ రామరాయలు సుల్తానులను ఒకరిపై ఒకరిని ఉసికొల్పి చాలాకాలం నెట్టుకొచ్చారు. విసిగిపోయిన సుల్తానులు చేతులు కలిపారు. 1565లో తళ్ళికోట యుద్ధంలో రామరాయలు మరణించారు, మహానగరం పాడుపడింది.

గెలవడం ఒక విద్య, గెలిచాక ఎక్కడ ఆగాలో తెలియడం మరొక విద్య. రాయలకు తూర్పున ఆ రెండూ తెలిసాయి. మన పిల్లలకు పద్యాలతో పాటు ఈ మాట కూడా చెబుదాము.