నర్సు టోపీ వెనక నైటింగేల్

పిల్లల ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి మీరెప్పుడైనా నర్సు టోపీ కుట్టారా? పెద్ద కష్టమేమీ కాదు. తెల్లటి నూలు గుడ్డను దీర్ఘచతురస్రంగా కత్తిరించి, అంచులు మడిచి కుట్టాలి. చిక్కగా గంజి పెట్టి ఇస్త్రీ చేయాలి. ముందంచును వెడల్పుగా వెనక్కి మడిచి, వెనక రెండు కొసలనూ దగ్గరికి తెచ్చి పిన్ను పెడితే సరి. పిన్ను తీస్తే మళ్లీ మామూలు గుడ్డే. ఉతికి, ఉడకబెట్టి వాడుకోవచ్చు. ఈ టోపీ చూడగానే మీకు గుర్తొచ్చే పేరు ఫ్లోరెన్స్ నైటింగేల్.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టారు. ఊరి పేరే ఆమెకూ పెట్టారు. ఇంగ్లండ్‌లో బాగా కలిగిన కుటుంబం. తండ్రే ఇంట్లో చదువు చెప్పారు. లెక్కలంటే ఆమెకు ప్రాణం. నర్సునవుతానంటే మాత్రం ఇంట్లో ససేమిరా అన్నారు. అప్పట్లో ఆ పనికి గౌరవమూ లేదు, సరైన శిక్షణా లేదు. ఏళ్ల తరబడి పట్టు వదలక, చివరికి 1851లో జర్మనీలోని కైజర్‌స్వర్త్‌లో శిక్షణ పొందారు.

1854లో క్రిమియా యుద్ధం. 38 మంది నర్సులతో ఇప్పటి ఇస్తాంబుల్‌లోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. నర్సులకు ఇచ్చిన దుస్తులు: బూడిద రంగు గౌను, తెల్ల టోపీ. ఎన్ని కష్టాలకైనా సిద్ధపడి వచ్చిన ఓ నర్సు, ఆ టోపీ తన ముఖానికి నప్పలేదని, ముందే తెలిస్తే అసలు బయల్దేరేదాన్నే కాదని మొరపెట్టుకుంది. ఈ సంగతి నైటింగేలే ఓ ఉత్తరంలో రాశారు.

అక్కడ గాయాలకన్నా కలరా, టైఫస్, విరేచనాలే ఎక్కువ మందిని చంపాయి. ఆమె వంటశాల, బట్టల ఉతుకు చక్కదిద్దారు. అయినా ఆ చలికాలం మరణాలు తగ్గలేదు. భవనం కిందే మురుగు నిండి ఉంది. 1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య బృందం కాలువలు కడిగించి, గాలి ఆడేలా చేశాక మరణాలు బాగా తగ్గాయి. యుద్ధం ముగిశాక లెక్కలు ముందేసుకుని చూస్తే, సేవ ఒక్కటే చాలదని, మురుగు, ఇరుకు, ఉక్కపోత ఉన్నచోట రోగి బతకడం కష్టమని ఆమెకు స్పష్టమైంది. ఆ లెక్కలనే రంగుల చిత్రాలుగా గీసి ప్రభుత్వం ముందు పెట్టారు.

యుద్ధంలో వచ్చిన జ్వరం ఆమెను ఏళ్లపాటు మంచానికే పరిమితం చేసింది. అయినా 1859లో ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ రాశారు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగ్ స్కూల్ మొదలైంది. మన దేశంలో అడుగుపెట్టకపోయినా, ఇక్కడి తాగునీరు, మురుగు కాలువల గురించి దశాబ్దాలపాటు లేఖలు రాస్తూనే ఉన్నారు. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమె పుట్టిన రోజునే ఏటా అంతర్జాతీయ నర్సుల దినోత్సవం జరుపుకుంటున్నాం.

టోపీ ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో కనిపించదు. రోగికి దానివల్ల ఒరిగేదేమీ లేదని, సరిగా ఉతకకపోతే క్రిములు చేరతాయని పక్కన పెట్టేశారు. ఆమె చెప్పిన జాగ్రత్తలకు మాత్రం కాలం చెల్లలేదు. మీ ఇంట్లో ఎవరైనా జ్వరంతో పడుకుంటే కిటికీ తెరవండి. దుప్పటి, తలగడ గలీబు తరచూ మార్చండి. రోగి గది పక్కన గుసగుసలాడకండి. ముట్టుకునే ముందూ, తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోండి.