శ్రవ్యకావ్యమునకు సాక్షి : సురవరం ప్రతాపరెడ్డిగారు

కావ్యమును దృశ్యము, శ్రవ్యము అని విభజించిన ఆలంకారికులు రెండవ భేదమునకు చెవినే ప్రమాణముగా గైకొనిరి. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఏయే దేశములవారు ఏయే తీరున పఠింతురో పనిగట్టుకొని నిరూపించెను. ఒకరు చదువగా పదిమంది వినుట, విన్నవారిలో ఒకరు తమకు నచ్చిన పద్యమును మరల ఎత్తుకొనుట - ఈ గోష్ఠియే తరతరములుగా మన వాఙ్మయమునకు నిలయము. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఈ స్థితి తారుమారైనది. అచ్చుకాని కవి లేని కవిగా లెక్కింపబడుట మొదలైనది. నిజాము రాష్ట్రమందలి తెలుగు సీమకు ఈ లెక్కవలన కలిగిన అపవాదమును మాపినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు.

వారు 1896 మే 28వ తేదీన రంగమ్మ, నారాయణరెడ్డి దంపతులకు బోరవెల్లి గ్రామమున జన్మించిరి. స్వగ్రామము ఇటికాలపాడు. అలంపురము, గద్వాల ప్రాంతమున పెరిగినవారికి కవిసభ క్రొత్త వింత కాదు. గద్వాల సంస్థానము కవిపండిత సత్కారములచే విద్వద్గద్వాల యని పేరొందినది. బాల్యముననే తండ్రి గతింపగా పినతండ్రి సంరక్షణమున చదువు సాగినది. కర్నూలులో వెల్లాల శంకరశాస్త్రిగారి సన్నిధిని సంస్కృత కావ్యములు పఠించిరి. మదరాసులో బి.ఏ., బి.ఎల్. పట్టములు పొందిరి, అచ్చటనే వేదము వేంకటరాయశాస్త్రిగారి సాన్నిహిత్యము లభించినది. న్యాయవాదవృత్తి వారిని ఎక్కువకాలము పట్టి నిలుపలేదు. కొత్వాలు వేంకటరామారెడ్డిగారి ప్రేరణచే 1924లో హైదరాబాదునందలి రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు కార్యదర్శియై, విద్యార్థులకొరకు గ్రంథాలయమును పెంపొందించిరి.

ఆనాడు రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు అదియే. తెలుగు బడిలో పొందని ఆశ్రయమును గుడిమంటపమునను, ఇంటి అరుగులమీదను, గ్రంథాలయములందును పొందినది. 1901లో హైదరాబాదున నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము తరువాత ఊరూర చిన్న చిన్న పఠనాలయములు బయలుదేరినవి. వీనిని ఒక బీరువాయు, నాలుగు గ్రంథములును ఉన్న గదులుగా మాత్రమే తలచుట పొరపాటు. అక్షరము వచ్చినవారు అతిస్వల్పముగ నున్న గ్రామమున పుస్తకము ఒకరి కంఠము ద్వారా పదిమందికి చేరవలసియుండెను. పురాణకాలక్షేపమున ఒకరు పోతన భాగవతము చదువగా మరియొకరు అర్థము చెప్పు పద్ధతి జనులకు చిరపరిచితము. సాయంకాలము వార్తాపత్రికయు ఆ పద్ధతిలోనే వినబడినది. 1926 మే 10వ తేదీన ప్రతాపరెడ్డిగారు స్థాపించిన గోలకొండ పత్రికకు చందాదారులకంటె శ్రోతలు అధికులనుటలో అతిశయోక్తి ఉండదు. గ్రంథాలయోద్యమమునుగూర్చి వారు ప్రత్యేకముగ ఒక పుస్తకమునే రచించిరి.

బహిరంగసభ జరుపుకొనుటకు ప్రభుత్వానుమతి కావలసిన ఆ దినములలో సాహిత్యగోష్ఠి జనులు కూడుటకు మిగిలిన కొలది దారులలో ఒకటి. 1930 మార్చిలో ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ మెదకు మండలమందలి జోగిపేటలో జరుగగా ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించిరి. జోగిపేటకు వాయవ్యమున నారాయణఖేడు. దానికి ఆవల బీదరు. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ అను నాలుగు భాషలును ఒకే అంగడిలో వినవచ్చు సీమ అది. అట్టి ఎల్లలయందు ఒక భాష నిలుచుట పాఠశాలకంటె అధికముగా పద్యము, పాట, కథ అనువాని పఠనముపైననే ఆధారపడును. మహాసభకు రాజధానిని వదలి జోగిపేటవంటి పల్లెపట్టణమును ఎన్నుకొనుటలోని ఔచిత్యము ఈ దృష్టితో చూచిన స్ఫుటమగును. (మంజీరాతీరమందలి ఈ మెదకుసీమయే వ్యాఖ్యాతృ చక్రవర్తియైన కోలాచల మల్లినాథసూరికి జన్మభూమి యని ప్రసిద్ధి. ఆయన వ్యాఖ్యానములు లేక కాళిదాసు పాఠము జరుగు పాఠశాల భారతదేశమున అరుదు.)

అట్టి దేశమున ఆంధ్రకవులు లేరని 1930 తరువాతి సంవత్సరములలో ఒక వ్రాత వెలువడినది. ప్రతాపరెడ్డిగారు దానికి ఖండనవ్యాసము వ్రాసి ఊరకుండవచ్చును. పత్రిక చేతిలోనే ఉన్నది. వారు అట్లు చేయలేదు. వాదమునకు వాదము సమాధానము కాదనియు, పద్యమునకు పద్యమే ప్రమాణమనియు నిశ్చయించి, కవుల పద్యములను, సంగ్రహ జీవితవృత్తములను పంపవలసినదిగా పత్రికాముఖమున అర్థించిరి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడినది. అందు 354 మంది కవులు చోటుచేసికొనిరి. జీవించియున్నవారితోపాటు గతించినవారును అందు కలరు.

ఈ సంకలనము ఏర్పడిన విధానము విమర్శకులు యోచింపదగినది. జీవించియున్న కవి తన పద్యమును తానే పంపుకొనగలడు. గతించిన కవి పద్యము రావలెనన్నచో దానిని భద్రపరచినవాడు ఒకడు ఉండవలెను: కుమారుడో, శిష్యుడో, చిన్ననాడు గోష్ఠిలో విని మరువనివాడో. అనగా సంచికలోని పద్యము వెనుక కవి ఒక్కడే గాక శ్రోతయు నిలిచియున్నాడు. కవులు లేరనిన వ్రాతకు నిజమైన ఉత్తరము సంఖ్య కాదు, ఈ శ్రోతయే. శ్రోత లేని చోట పద్యము రెండవ తరమునకు రాదు.

సంచికలోని పద్యములన్నియు సమానగుణములు కావు. దేవతాస్తుతి, ఆశీర్వాదము మొదలైన పరిచితమార్గముల రచనలు అందు కనబడును. భావనవ్యతకొరకు వెదకువానికి అట్టి పుటలు కొంత విసుగు కలిగింపవచ్చును. మూడువందల ఏబదినలుగురిని చేర్చుటకంటె ముప్పదిమందిని ఏరుట మేలని వాదించువారికి అవకాశము లేకపోలేదు. కాని పరీక్షకుని పని వేరు, సాక్షి పని వేరు. పరీక్షకుడు నచ్చని పద్యమును విడుచును. సాక్షికి ఆ అధికారము లేదు. ప్రతాపరెడ్డిగారు సాక్షిధర్మమునే అవలంబించిరి. అందువలననే ఆ గ్రంథము కేవలము కవితాసంపుటముగ గాక చరిత్రాధారముగ నిలిచినది.

ఈ శ్రోతృదృష్టి వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో మరింత విస్తరించినది. 1949లో ప్రకటితమైన ఆ గ్రంథమునకు రాజుల శాసనములకంటె కావ్యములే ముఖ్యాధారములు. క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి మున్నగు గ్రంథములనుండి జనుల ఆహారమును, వస్త్రములను, ఆటలను, పండుగలను వారు వెలికి తీసిరి. ఇందు ఒక విశేషము. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున తుమ్మెదపదములు మొదలైన పాటలను పేర్కొన్నాడు. క్రీడాభిరామమున ఓరుగంటి వీథిలో పలనాటి వీరుల కథాగానము కలదు. పండితులు చాలకాలము ఈ పట్టులను వర్ణనాంశములుగ చదివి దాటిపోయిరి. ప్రతాపరెడ్డిగారు వానిని ఆనాటి జనులు ఏమి పాడుకొనిరి, ఏమి వినిరి అను ప్రశ్నతో చదివిరి. ప్రబంధములోని అంగడియు, పల్లెయు వారికి అలంకారములు కావు. ఈ పద్ధతిలో కవి అతిశయోక్తిని వాస్తవముగ గ్రహించు ప్రమాదము లేకపోలేదు. అయినను, సామాన్యుని జీవితమునకు శాసనము మౌనము వహించిన చోట కావ్యముతప్ప గతి ఏది?

రామాయణ విశేషములు, హిందువుల పండుగలు, మొగలాయి కథలు మొదలైన రచనలు వారి బహుముఖప్రజ్ఞకు నిదర్శనములు. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25వ తేదీన పరమపదించిరి. కేంద్ర సాహిత్య అకాడమి 1955లో తెలుగున తన ప్రథమ పురస్కారమును ఆంధ్రుల సాంఘిక చరిత్రకు మరణానంతరము ప్రకటించినది.

మరుసటి సంవత్సరము, 1956 నవంబరులో, రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినది. రాయచూరు జిల్లానుండి గద్వాల, అలంపురము తాలూకాలు మహబూబ్‌నగరు జిల్లాలో చేరినవి. అదే శాసనమువలన బీదరు జిల్లాలోని నారాయణఖేడు తాలూకా మెదకు జిల్లాలో చేరి, జోగిపేటకు పొరుగయ్యెను.