రంగు రాని ట్యూబు... మన సుబ్బారావు!

ప్రాక్టికల్ పరీక్ష జరుగుతోంది. మీ ట్యూబులో రావాల్సిన రంగు రాలేదు. ఎగ్జామినర్ మీ బెంచీ దగ్గరికి వచ్చేలోపు ఏం చేస్తారు? చాలామంది చేసేది ఒకటే... పక్కవాళ్ల రీడింగును కాస్త అటూ ఇటూ మార్చి రాసేయడం! బీఫార్మసీలో థియరీ గట్టెక్కినా ప్రాక్టికల్‌లో ఆగిపోయినవాళ్లు మీలో ఉంటే, భీమవరంలో పుట్టిన ఓ పెద్దమనిషి సంగతి వినండి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ పాసవలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ గాంధీజీ పిలుపుతో ఖద్దరు తొడిగారు. సర్జరీ ప్రొఫెసర్‌కి అది గిట్టలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువగా చూసే ఎల్ఎంఎస్. (ఫెయిలైన ప్రతిసారీ తప్పు ఎగ్జామినర్‌దే అనుకోకండి, అది వేరే సంగతి!)

తర్వాత అమెరికా వెళ్లారు. అక్కడ ఖర్చులకోసం ఆసుపత్రిలో చిన్నాచితకా పనులూ చేశారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర చేరి, రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద పనిచేశారు. ప్రోటీన్ తీసేసిన ద్రవానికి ఆమ్లంతో మాలిబ్డేట్, ఆపైన రిడ్యూసింగ్ ఏజెంట్ కలిపితే నీలం రంగు వస్తుంది. ఆ రంగును స్టాండర్డ్‌తో పోల్చి ఫాస్ఫరస్ ఎంతుందో లెక్కకడతారు. 1925లో వెలువడిన ఈ పద్ధతికి ఇద్దరి పేర్లూ నిలిచిపోయాయి.

అసలు కథ కండరం దగ్గర మొదలైంది. కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు ఉండాల్సినంత వేగంగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా చిక్కబడింది. మనమైతే రీజెంట్ పాడైందని పారబోసి ఉండేవాళ్లం. వాళ్లు ఆలస్యం ఎందుకని వెతికారు. నిలకడలేని పదార్థమేదో ఆ ఆమ్లంలో విడిపోతూ ఫాస్ఫేట్‌ను కొద్దికొద్దిగా వదులుతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండరానికి శక్తి ఎలా అందుతుందన్న ప్రశ్నకు అదో పెద్ద ఆధారం.

మళ్లీ పరీక్షకు కూర్చునేముందు మీరూ ఈ పని చేసి చూడండి. ల్యాబ్ ఇన్‌చార్జిని అడిగి, ముందు స్టాండర్డ్ ఒక్కదాన్నే మూడుసార్లు చేయండి. మూడూ కలవకపోతే పిపెట్ పట్టే చేతిలోనో, గడియారంలోనో తేడా ఉన్నట్టు. అవి కలిశాకే శాంపిల్ ముట్టుకోండి. రీడింగ్ పక్కన టైమూ రాయండి. తప్పొచ్చినా కొట్టేయకండి, సార్‌కి చూపించండి. మార్కు ఎక్కడ పోయిందో చెప్పడానికి ఆయనకూ అదే ఆధారం.

హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజైన్... మీ ఫార్మకాలజీ సిలబస్‌లోవే, ఆయన బృందం అక్కడ చేసినవే. 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు. ఈసారి ల్యాబ్‌కి వెళ్లినప్పుడు బయోకెమిస్ట్రీ మాన్యువల్‌లో ఫాస్ఫరస్ కొలిచే పేజీ తీయండి. ఫిస్కే పక్కన ఆయన పేరు కనిపిస్తుందేమో చూడండి.